గోడ మీద వైరు, గోడలో వైరు: పెంకుటింటి నుంచి థర్మాకోల్ గోడ దాకా

ఎపిసోడ్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ చేతిలోనే ఉంచుకుని మీ గదిలో ఉన్న స్విచ్ బోర్డు వైపు ఒకసారి చూడండి. ఆ బోర్డులోకి కరెంటు ఎటు నుంచి వస్తోంది? పైనుంచా, కిందనుంచా, పక్క గదిలోంచా? చాలామంది చెప్పలేరు. నేనూ మా ఫ్లాట్‌లో చెప్పలేను. కానీ అంబాజీపేటలో మా తాతయ్య వాళ్ళ పాత పెంకుటింట్లో నిలబెట్టి అడిగితే, ఐదో క్లాసు పిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఎందుకంటే అక్కడ వైరు కంటికి కనబడుతుంది.

కిందటి ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు. వాళ్ళ బావగారు అమెరికాలో ఇల్లు కట్టుకుంటున్నారంట, గోడలన్నీ థర్మాకోల్ దిమ్మలంట, మధ్యలో కాంక్రీటు పోస్తారంట. "అన్నా, మరి అందులో కరెంటు వైర్లు ఎలా లాగుతారు?" అని. ఆ ప్రశ్నకి రెండు నిమిషాల్లో సమాధానం చెప్పేయొచ్చు. కానీ తవ్వుతూ పోతే నాకు వేరే కథ దొరికింది. మన ఊళ్ళలో గోడ మారిన ప్రతిసారీ, స్విచ్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవాల్సిన రోజు ఇంకాస్త ముందుకి జరుగుతూ వచ్చింది. ఇంట్లో ఉండేవాళ్ళ చేతిలో ఉన్న ఆ నిర్ణయం మెల్లిగా మేస్త్రీ చేతికి, అక్కణ్ణుంచి ఇంజినీర్ డ్రాయింగ్‌కి వెళ్ళిపోయింది.

సరే, మొదటినుంచి వద్దాం. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అప్పటి ఆంధ్ర రాష్ట్రం, ఒడిశా కలిసి కట్టుకున్నది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు వచ్చింది. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ "బోర్డు వాళ్ళు" అనేది అందుకే, ఈపీడీసీఎల్ అని ఎవరూ అనరు. 1969లో గ్రామీణ విద్యుదీకరణకి అప్పులిచ్చే ఆర్ఈసీ పెట్టారు. ఆ ఇరవై ఏళ్ళలో తీగ పట్నం దాటి పల్లెల్లోకి నడిచింది. ఎప్పుడో కట్టేసిన ఇళ్ళలోకి కరెంటు వచ్చింది, ఇది గుర్తుపెట్టుకోండి. మండువా లోగిలి, మట్టిగోడో సున్నపు గోడో, పైన పెంకు. ఆ ఇల్లు కట్టినవాళ్ళ బుర్రలో స్విచ్ అనే మాటే లేదు.

మరి వైరు ఎక్కడ పెట్టాలి? గోడ మీద. టేకు చెక్కని సన్నటి బద్దలుగా చీల్చి, గోడలో చిన్న చెక్క ముక్కలు దిగ్గొట్టి, వాటికి ఆ బద్దని బిగించేవారు. బద్ద మీద చిన్న చిన్న రేకు క్లిప్పులు, ఆ క్లిప్పుల్లో వైరు. దూలం వెంబడి పాకి, స్తంభం దిగి, గుండ్రటి చెక్క దిమ్మ మీద నల్లటి బేకలైట్ స్విచ్ దగ్గర ఆగేది. మెయిన్ దగ్గర పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజు. పాత ఇళ్ళలో ఇంకా రబ్బరు తొడుగు వైర్లు కనిపిస్తాయి, దాని మీద గుడ్డ అల్లిక ఉంటుంది. ఇప్పుడు ముట్టుకుంటే తొడుగు పొడిలా రాలిపోతుంది, దయచేసి ముట్టుకోకండి. ఆ తర్వాత పీవీసీ తొడుగు వచ్చాక ఆ బాధ తగ్గింది.

చూడ్డానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటా. కానీ ఒక ఇంజినీర్ కళ్ళతో చూస్తే అది చాలా తెలివైన డిజైన్. కోనసీమ వాతావరణం మీకు తెలుసు కదా. ఏడాదిలో సగం రోజులు చెమ్మ. వానాకాలంలో పెంకు జారితే గోడ అంతా తడి. చెక్క బద్ద మీద వైరుంటే, అది తడిగోడకి కాస్త ఎడంగా ఉంటుంది. ఎలక కొరికినా, తొడుగు చిట్లినా కంటికి కనబడుతుంది. వేసవిలో కొడుకు పెళ్ళయి కొత్త గది కావాలంటే, ఇంకో నాలుగు బద్దలు కొట్టి పాయింటు లాగేస్తారు, గోడని చెక్కే పనే లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది కాన్ఫిగ్ ఫైల్ లాంటిది. ఎప్పుడైనా తెరిచి మార్చుకోవచ్చు, కోడ్ మళ్ళీ రాయక్కర్లేదు. దాని లోపం ఎర్తింగ్. చాలా ఇళ్ళలో లైటుకి రెండు వైర్లే వెళ్ళాయి, మూడోది లేదు. ఉన్నచోట బద్ద పక్కనే తొడుగు లేని ఉత్తి తీగ పాకించేవారు. బకెట్‌లో హీటర్ పెట్టే రోజులొచ్చాక ఆ మూడో తీగ విలువ ఏంటో చాలా ఇళ్ళకి ఘోరంగా తెలిసింది.

తర్వాత ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగు. అప్పుడు వైరు లోపలికి వెళ్ళింది. గోడకి గాడి కొట్టి, పైపు పెట్టి, పైన ప్లాస్టరింగు చేసేయడం. మొదట్లో ఇనుప పైపులు. సముద్రపు గాలి తగిలే ప్రాంతంలో ఇనుప పైపు తుప్పు పట్టకుండా ఎన్నాళ్ళుంటుంది? అందుకే మన వైపు పీవీసీ పైపు రావడం చిన్న విషయం కాదు. పైపులో వైరు వేస్తే ఒక లాభం ఉంది, వైరు పాడైతే లాగేసి కొత్తది తోయొచ్చు. బద్దల వైరింగుకి ఉన్న స్వేచ్ఛలో సగం అక్కడ మిగిలింది. మిగతా సగం పోయింది, ఎందుకంటే పైపు ఎటు వెళ్తోందో ఇంటివాళ్ళకి తెలీదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం. పద్ధతి ప్రకారం బోర్డు నుంచి పైపు నిట్టనిలువుగా గానీ అడ్డంగా గానీ మాత్రమే వెళ్ళాలి. అలా వెళ్తే, బోర్డు కనబడితే పైపు ఎక్కడుందో ఊహించొచ్చు. కానీ మూడు మీటర్ల పైపు మిగులుతుందని ఏటవాలుగా గాడి కొట్టేసేవాళ్ళున్నారు. పదేళ్ళ తర్వాత ఎవరో టీవీ బిగించడానికి డ్రిల్ పెడతారు. ఆ డ్రిల్ పట్టుకున్నవాడికి ఆ గోడ చరిత్ర తెలీదు.

ఇటుక గోడలో నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి? గోడ లేచాక, ప్లాస్టరింగుకి ముందు. అంటే ఇంటావిడ ఖాళీ గదిలో నిలబడి "మిక్సీ ఇక్కడ, ఫ్రిజ్ అక్కడ" అని బొగ్గుతోనో చాక్‌పీస్‌తోనో గుర్తు పెట్టేంత టైముంది. ఇది మనం పెద్దగా పట్టించుకోని గొప్ప సౌకర్యం.

కాంక్రీటు ఆ సౌకర్యాన్ని లాగేసుకుంది. మొదటి దెబ్బ శ్లాబు. 1996 నవంబరు 6 తుపాను గురించి మన అమ్మానాన్నల్ని అడగండి. కాకినాడకి దిగువన తీరం దాటింది, వెయ్యి మందికి పైగా చనిపోయారు, కోనసీమలో కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. కొబ్బరి మార్కెట్టే బతుకైన అంబాజీపేట లాంటి ఊరికి అది ఎంత దెబ్బో నేను చెప్పక్కర్లేదు. పెంకులు ఎగిరిపోవడం కళ్ళారా చూసినవాళ్ళకి శ్లాబు ఇల్లంటే ఒక ధైర్యం. కానీ శ్లాబుకి ఒక షరతుంది. ఇనుము కట్టాక, కాంక్రీటు పోసే ముందే ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టేయాలి. శ్లాబు వేసే రోజు ఇంట్లో ఎంత హడావిడో మీకు తెలుసు. మేస్త్రీ, కూలీలు, మిల్లరు, భోజనాలు. ఆ గోలలో ఫ్యాన్ బాక్సు మర్చిపోతే? ఇంక ఆ గదిలో ఫ్యాను కోసం శ్లాబుకి డ్రిల్లే. "ముందే చెప్పాలండీ, పోసేశాక ఏం చేస్తాం" అనే మాట మన ఊళ్ళలో పుట్టింది అక్కడే.

ఆ షరతు పైకప్పు దగ్గరే ఆగి ఉంటే బాగుండేది. టిడ్కో ఇళ్ళు చూశారా? మన అమలాపురం పట్టణం కోసం అల్లవరం మండలం బోడసకుర్రులో కట్టినవి కూడా ఉన్నాయి. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళు, షియర్ వాల్ పద్ధతి. అంటే ఇటుకే ఉండదు. గోడ, శ్లాబు మొత్తం కాంక్రీటు. అల్యూమినియం పలకలు నిలబెట్టి, మధ్యలో ఇనుప జాలీ కట్టి, ఒకేసారి పోసేస్తారు. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద టవర్లు కట్టేది కూడా ఈ పద్ధతిలోనే, అక్కడ "మివాన్" అంటారు. అది ఒక కంపెనీ పేరు, జిరాక్స్ లాగా పనికే పేరైపోయింది.

ఇందులో వైరింగు పని చూడాలి మీరు. ఇనుప జాలీ కట్టగానే ఎలక్ట్రీషియన్ దిగుతాడు. పైపుల్ని, స్విచ్ బాక్సుల్ని ఆ ఇనుముకే బైండింగ్ వైరుతో కట్టేస్తాడు. కాంక్రీటు పాలు లోపలికి దూరకుండా బాక్సులో థర్మాకోల్ ముక్కలు కుక్కి టేపు వేస్తాడు. తర్వాత పలక మూసేస్తారు, పోస్తారు. మర్నాడు పలక తీశాక బాక్సు వెతకడం ఇంకో పని. ఒక్కోసారి వైబ్రేటర్ దెబ్బకి బాక్సు రెండంగుళాలు జరిగిపోతుంది, పైపు ఊడిపోయి లోపల కాంక్రీటు గడ్డకడుతుంది. స్టీలు స్ప్రింగు తోస్తే ఎక్కడో ఆగిపోతుంది.

పైపు మూసుకుపోతే గాడి కొట్టుకోవచ్చు కదా అంటారా? అక్కడే అసలు గొడవ. ఇటుక గోడలో గాడి కొడితే పోయేది ప్లాస్టరింగు, కొంచెం ఇటుక. షియర్ వాల్‌లో ఆ గోడే ఇంటిని మోస్తోంది. ఇనుము మీద ఉండే కాంక్రీటు పొర మందం ఇరవై మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. గాడి కొడితే ఇనుము బయటపడుతుంది. ఉప్పు, చెమ్మ కలిసిన గాలిలో బయటపడిన ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటుని తనే పగలగొట్టుకుంటుంది. మన దగ్గర ఏమవుతుందంటే, సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడు, ఏసీ పెట్టాలి. గదిలో ఏసీ పాయింటు లేదు. అత్తగారు ఊరుకోరు. కట్టర్ పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేస్తారు, ఆయ్. ఇలాంటి ఇంట్లో ఉంటే గోడని ముట్టుకోకండి, గోడ పైనే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేయించండి. తాతయ్య కాలం బద్దల వైరింగే, ప్లాస్టిక్ చొక్కా వేసుకుని తిరిగొచ్చింది. అందం తగ్గినా పర్లేదు.

ఇక్కణ్ణుంచి థర్మాకోల్ గోడకి వెళ్ళే దారిలో మన రాష్ట్రంలోనే ఒక మెట్టు ఉంది, నెల్లూరులో. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ అక్కడ నమూనాగా 36 ఇళ్ళు కట్టించింది, జీఎఫ్ఆర్‌జీ పలకలతో. జిప్సంలో గాజు నార కలిపి చేసిన పలక అది. ఎరువుల ఫ్యాక్టరీలో గుట్టలుగా మిగిలే జిప్సంతో కూడా చేస్తారు. 1990లో ఆస్ట్రేలియాలో పుట్టింది, మన దేశానికి తగ్గట్టు దాని మీద పరిశోధన చేసింది మద్రాస్ ఐఐటీ వాళ్ళు. పలక మందం 124 మిల్లీమీటర్లు, లోపలంతా నిలువుగా బోలు గదులు. బలం కావాల్సిన బోలుల్లో ఇనుము పెట్టి కాంక్రీటు పోస్తారు. అచ్చు పోసే పలకే గోడగా ఉండిపోతుంది, విప్పే పని లేదు. మిగతా బోలుల్లోంచి కరెంటు పైపు దింపుకోవచ్చు, బాక్సు కావాల్సిన చోట పలకని రంపంతో కోస్తే చాలు. కాంక్రీటు ఉన్న గోడలో కూడా వైరుకంటూ ఒక దారి వదిలారన్నమాట. నాకు ఈ డిజైన్ నచ్చడానికి కారణం అదే.

ఇప్పుడు బావగారి ఇల్లు. దాన్ని ఇంజినీర్లు ఐసీఎఫ్ అంటారు, మనం థర్మాకోల్ అచ్చు గోడ అనుకుందాం. బోలు దిమ్మల్లో కాంక్రీటు పోసే ఆలోచనకి 1907లోనే పేటెంట్ ఉంది. నురగ దిమ్మతో మొదటి పేటెంట్ దాఖలు చేసింది కెనడా కాంట్రాక్టర్ వెర్నర్ గ్రెగొరీ, 1966లో. ఆయన దిమ్మ 16 అంగుళాల ఎత్తు, 48 అంగుళాల పొడవు. లెగో ముక్కల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈరోజుల్లో దొరికేది చూస్తే, రెండు వైపులా సుమారు రెండున్నర అంగుళాల థర్మాకోల్ పలకలు, వాటిని కలిపే ప్లాస్టిక్ పట్టీలు, మధ్య ఖాళీలో ఇనుము. కాంక్రీటుని ఒకేసారి పైదాకా పోయరు, నాలుగేసి అడుగుల చొప్పున పోస్తారు, లేదంటే నురగ పగిలి మొత్తం బయటికి తన్నేస్తుంది. పోశాక అచ్చు తీయరు. చలిదేశం కాబట్టి ఆ నురగే ఇంటికి దుప్పటి.

వైరింగు ఎప్పుడు? కాంక్రీటు పోశాక! నాకు తమాషాగా అనిపించింది ఇదే. గోడ నడుములో కాంక్రీటు ఉన్నా, గది వైపు రెండున్నర అంగుళాల మెత్తటి నురగ ఉంది. ఎలక్ట్రీషియన్ కరెంటుతో వేడెక్కే కత్తి తీసుకుని, వెన్నలో గీసినట్టు నురగలో గాడి గీస్తాడు. గాడి కేబుల్ కంటే ఒక పిసరు ఇరుకుగా ఉంటుంది, కేబుల్ నొక్కితే పట్టేసుకుంటుంది. బాక్సు కోసం చతురస్రంగా కోసి, లోపలి ప్లాస్టిక్ పట్టీకి స్క్రూ బిగిస్తాడు. తర్వాత జిప్సం బోర్డు మూసేస్తారు. అమెరికా పద్ధతిలో కేబుల్ పైనుంచి కనీసం అంగుళంపావు లోతులో ఉండాలి, అంత లోతు లేకపోతే మీద ఇనుప రేకు కొట్టాలి, రేపు ఎవరైనా స్క్రూ దింపితే తగలకుండా. ముందే చేయాల్సిన పని ఒక్కటే. గోడకి ఆ పక్కకి వెళ్ళే మెయిన్ కేబుల్, ఏసీ పైపుల లాంటి వాటికి దిమ్మల్లో అడ్డంగా పైపు ముక్కలు పెట్టేయాలి, పోశాక ఆరంగుళాల కాంక్రీటుకి బొక్క పెట్టడం నరకం. అంటే కాంక్రీటు గోడ ఇల్లే, కానీ ఇంటావిడకి మళ్ళీ చాక్‌పీస్ పట్టుకునే టైము దొరికింది.

"అయితే మన అంబాజీపేటలో కట్టేద్దామా బ్రో?" అంటారని తెలుసు. బీఎంటీపీసీ కొత్త పద్ధతుల జాబితాలో ఇదీ ఉంది. కానీ మన దగ్గర మూడు చిక్కులున్నాయి, మూడూ వైరు దగ్గరో గోడ మొదట్లోనో వచ్చేవే.

మొదటిది చాలామందికి తెలియనిది. మన ఇళ్ళలో వాడేది దాదాపు అంతా పీవీసీ తొడుగు వైరు. పీవీసీ మెత్తగా వంగడానికి అందులో ఒక నూనె లాంటి రసాయనం కలుపుతారు, ప్లాస్టిసైజర్ అంటారు. వైరు థర్మాకోల్‌కి ఆనుకుని ఏళ్ళతరబడి ఉంటే ఆ రసాయనం నెమ్మదిగా థర్మాకోల్‌లోకి వెళ్ళిపోతుంది. థర్మాకోల్ కరిగినట్టు కుంగుతుంది, వైరు తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. బ్రిటన్‌లో గోడల్లో థర్మాకోల్ నింపిన ఇళ్ళలో ఈ సమస్య బాగా తెలుసు. కాబట్టి మనోళ్ళు యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి, మామూలు వైరుని నేరుగా నురగలో నొక్కేస్తే మొదటికే మోసం. పైపు వేసి పైపులోనే వైరు తోయాలి. మనం వాడే గట్టి పీవీసీ పైపులో ఆ మెత్తబరిచే రసాయనం ఉండదు, కాబట్టి దానికి బాధలేదు. అదృష్టం కొద్దీ మన ఎలక్ట్రీషియన్లకి పైపు లేకుండా చేసే అలవాటే లేదు.

రెండోది వేడి. వైరులో కరెంటు పారితే వేడి పుడుతుంది, ఇటుక గోడ ఆ వేడిని తాగేస్తుంది, థర్మాకోల్ తాగదు. దాని పనే వేడిని ఆపడం కదా. బ్రిటన్ వైరింగు నియమాల్లో లెక్క ఏంటంటే, వైరు అరమీటరు కంటే ఎక్కువ పొడవున నాలుగువైపులా ఇన్సులేషన్‌లో కూరుకుపోతే దాని సామర్థ్యం సగమే అనుకోవాలి. ఇరవై ఆంపియర్లు మోసే వైరుని పదే అనుకోవాలి. ఒకవైపు ప్లాస్టరింగుకి ఆనుకుని ఉంటే అంత నష్టం ఉండదు. కానీ మే నెలలో, రాత్రంతా ఏసీ, పక్కనే గీజర్ ఉండే ఇంట్లో వైరు ఒక సైజు పెంచి వేయించడమే మంచిది. గది వైపు నురగని ప్లాస్టరింగుతోనో జిప్సంతోనో పూర్తిగా కప్పకుండా వదలకూడదు, నిప్పు తగిలితే అది కాలుతుంది.

మూడోది చెద. నవ్వకండి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చెద ఎక్కువ ఉన్నచోట నేలలో నురగ పెట్టడం మీద ఆంక్షలున్నాయి. చెద నురగని తినదు, కానీ అందులో సొరంగాలు చేసుకుంటుంది, ఎవరికీ కనబడకుండా తలుపు చెక్క దాకా వెళ్తుంది. కొబ్బరితోట మధ్యలో, చెమ్మనేల మీద ఇల్లు కట్టే మనకి ఇది సినిమా విలన్ కాదు, పక్కింటోడు.

నా అభిప్రాయం అడిగితే, చలికాలం మంచు పడే చోటికి పుట్టిన గోడ ఇది. రోజంతా ఏసీ వేసుకునే ఇంటికైతే లాభం ఉంటుంది. కిటికీలు బార్లా తెరిచి, కాలవ గాలికి పడుకునే ఇంటికి దాని ఖర్చు దండగ. వైరింగు విషయంలో మాత్రం ఐసీఎఫ్ దగ్గర, నెల్లూరు పలకల దగ్గర నేర్చుకోవాల్సిందేంటంటే, గోడని గీసేటప్పుడే వైరు కోసం ఒక మెత్తటి చోటు, ఒక ఖాళీ వదలొచ్చు. షియర్ వాల్ ఇళ్ళలో కూడా ఒక్క గోడనైనా ఇటుకతో కట్టినా, వాడని ఖాళీ పైపులు గదికి రెండేసి అదనంగా వేసినా, అల్లుడి ఏసీకి కట్టర్ పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. రెండు పైపుల ఖరీదు ఎంతని?

ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్ళకి చివరిగా. పైపులు వేశాక, ప్లాస్టరింగుకో కాంక్రీటుకో ముందు, ప్రతి గోడ పక్కన టేపు సాగదీసి పెట్టి ఫోటో తీయండి. నేలనుంచి ఎంత, మూలనుంచి ఎంత అనేది ఫోటోలో కనబడాలి. ఆ ఫోటోలు మీ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే ఉంచకండి, ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా పడేయండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడిపోయే ఆర్‌సీసీబీ వేయించండి, గోడలో వైరు కనబడని ఇంట్లో డ్రిల్ పట్టుకునేవాడికి మిగిలేది అదొక్కటే. పాత బద్దల వైరింగు ఇంకా మీ ఇంట్లో ఉంటే ముట్టుకోకుండా దూరం నుంచే ఒక ఫోటో తీసి పంపించండి, ఏ ఊరో కూడా రాయండి. వచ్చినవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండి.